పొద్దటి మొక్కు

వర్ష కాలు ఎదుటి పిల్ల ఛాతీకి కట్టుకున్న మెత్తటి కవచానికి తగిలింది. ఆ చప్పుడు హాలు బయట మెట్ల మీద కూర్చున్న కిష్టవ్వకు కూడా వినబడింది. మంచి దెబ్బే. వరుసలో నిలబడ్డ పిల్లలు కూడా ఒక్కసారి మెడలు చాచి చూశారు. అంతటితో ఆగితే బాగుండేది. వర్ష ముందుకు వంగింది. కాలు తగిలిన చోట వేళ్లతో తాకి, ఆ వేళ్లను కళ్లకు అద్దుకుంది. అద్దుకుంటుండగానే ఎదుటి పిల్ల కాలు లేచి వర్ష తల మీది టోపీకి తగిలింది. వర్ష నీలం చాప మీద వెల్లకిలా పడింది.

"మొక్కుల వర్ష మల్ల మొక్కింది రో" అన్నాడెవడో. హాలంతా నవ్వు.

కిష్టవ్వ లేచి తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. చెప్పులతో లోపలికి పోవద్దని ఆ తలుపు మీదే రాసి ఉంటుంది. ఆమె తలవెంట్రుకల్లో నూలు దూది ఇంకా అలాగే ఉంది. కరెంటు మగ్గాలు ఆడే సాంచాల షెడ్డులో కండెలకు దారం చుట్టే పని అయ్యాక, మనుమరాలు వర్షను ఇంటికి తోలుకుపోవడానికి నేరుగా ఇక్కడికే వస్తుంది. ఈ తైక్వాండో అనే ఆట ఏమిటో ఆమెకు సరిగ్గా తెలియదు. కొరియా దేశం ఆట అంటారు. తెల్లబట్టలు కట్టి, నడుముకు రంగు పట్టీ చుట్టి, కాళ్లతో తన్నుకుంటారు.

సంధ్యారాణి మేడం వర్షను చేయి పట్టి లేపింది. వేములవాడ నుంచి సిరిసిల్లకు స్కూటీ మీద వచ్చి నేర్పే మనిషి. గట్టిగా అరవడం ఆమెకు అలవాటు లేదు.

"చెయ్యి మొఖం కాడ ఉండాలె అని చెప్పిన్నా లేదా?"

"చెప్పిన్రు మేడం."

"మరెందుకు దించినవ్?"

"కాలు తగిలింది మేడం."

"తగలాలనే గదనే తన్నేది."

మళ్లీ నవ్వులు. ఈసారి వర్ష కూడా నవ్వబోయి, కింది పెదవి కరుచుకుంది.

ఆట అయిపోయాక పిల్లలంతా వరుసల్లో నిలబడ్డారు. ముందున్న పెద్ద పిల్లవాడు "చారియత్" అన్నాడు. అందరూ కాళ్లు దగ్గరికి తెచ్చి, చేతులు తొడలకు ఆనించి నిటారుగా నిలిచారు. "క్యుంగ్నే" అన్నాడు. అందరూ నడుము దగ్గర వంగారు. మేడం కూడా పిల్లలకు ఎదురుగా వంగింది. ఆ వంగడంలో చప్పుడు లేదు, తొందర లేదు. వర్షను తన్నిన పిల్ల, వర్ష ఒకరికెదురు ఒకరు నిలబడి విడిగా మళ్లీ వంగారు. రోజూ చూసేదే అయినా, ఆ రోజు మాత్రం కిష్టవ్వకు కోపం వచ్చింది. చెంప వాయగొట్టి దండం పెట్టడమేమిటి?

మేడం బయటికి వచ్చి మెట్ల మీద కిష్టవ్వ పక్కనే కూర్చుంది.

"అవ్వా, ఆదివారం జగిత్యాలల పోటీ ఉంది గద. కోరుట్ల పిల్లలస్తరు, జగిత్యాల పిల్లలస్తరు. వర్ష కాలు మంచి కాలు. కని గీ తీరుగ మొక్కితె నేను తీస్కపోలేను. అక్కడ ఊకోరు. ముక్కు పగులుతది."

"నేనే నేర్పిన మేడం" అంది కిష్టవ్వ. "కాలు తగిలితె కళ్లకద్దుకోవాలె అని. మాది నేసేటోళ్ల ఇల్లు. నూలు కండె కాలికి తగిలినా మొక్కుతం. మనిషికి తగిలితె మొక్కమా?"

"మంచిదే అవ్వా. తప్పంటలేను."

"మరి మీరు ముందుగాల వంగి దండాలు పెట్టుకుంటరు, ఎన్క తన్నుకుంటరు. గదెక్కడి మర్యాద?"

మేడం నవ్వింది. పాదాల కింది దుమ్ము దులుపుకుంటూ అంది: "గదే మర్యాద అవ్వా. నీ మీద నాకు కోపం లేదు, పగ లేదు, ఇగ కొడ్త, నువ్వు గూడ కొట్టు అన్నట్టు. నాకు మా సారు గిట్లనే చెప్పిండు. పిల్లకు నేను గూడ గిట్లనే చెప్పిన. దాని తలకాయకు ఎక్కింది. చేతికే ఎక్కలే." లేస్తూ అంది, "శుక్రారం దాంక చూస్త."

ఇంటికి పోయే గల్లీలో రెండు పక్కలా సాంచాలు ఒకే తీరుగా మోగుతున్నాయి. వర్ష సంచి భుజాన వేసుకొని ముందు నడుస్తోంది. మామూలుగా ఆ గల్లీ దాటేలోపు బడిలో ముచ్చట్లు, ఆటలో ముచ్చట్లు అన్నీ ఒడిసిపోయేవి. ఆ సాయంత్రం అడుగులు లెక్కబెడుతున్నట్టు తల వంచుకునే నడిచింది.

ఇంట్లో కోడలు పుష్ప అప్పుడే బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని నుంచి వచ్చి, వేళ్లకు చుట్టుకున్న ప్లాస్టర్లు విప్పుతోంది. కొడుకు మహేందర్ మస్కట్‌లో ఉంటాడు గనుక ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లే. సంగతంతా విని పుష్ప అత్త వైపు చూసింది.

"అంతా నీ నేర్పుడే అత్తా. పాలప్యాకెట్ కాలికి తగిలినా మొక్కిపిస్తివి. గిప్పుడు అది తన్నుమంటె ఎట్ల తంతది?"

"తన్నుడు నేర్వటానికి మర్యాద మర్వాల్నా?"

"నేనేమన్న మర్వమన్ననా? నీకు మాటంటె చాలు, పొడుచుకస్తది."

 కోడలు అన్నది నిజమే గాని, నిజం కాని దాని కంటే అదే కిష్టవ్వకు ఎక్కువ గుచ్చుకుంది. ఈ పిల్ల నడక నేర్చిన నాటి నుంచి ఆమె వెంటబడి నేర్పింది ఒకటే. అన్నం మీద అడుగు పడొద్దు. పుస్తకం మీద పడొద్దు. పడితే కళ్లకద్దుకో. ఇప్పుడు వద్దు అని ఏ నోటితో చెప్పాలి? ఒకచోట వద్దంటే ఇంకోచోట ఉంటుందా? బట్టకు ఒక్క పోగు తెగితే చాలు, పక్క పోగులు వదులవుతాయి.

లోపలి గదిలో నుంచి దబ్ దబ్ అని చప్పుడు వచ్చింది. తొంగి చూస్తే, వర్ష గోడకు తలకింది మెత్తను ఆనించి తన్నుతోంది. తన్నుతుంది, చేయి కిందికి పోతుంది, మెత్తను తాకి కళ్లకు వస్తుంది. ఎడమ చేత్తో కుడి చేతిని కొట్టుకుంటుంది. మళ్లీ తన్నుతుంది. మళ్లీ మెత్తకు మొక్కుతుంది. కిష్టవ్వకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తలుపు చాటు నుంచి తప్పుకుంది.

మరునాడు షెడ్డులో ఆమె మనసు పని మీద లేదు. కండెలు చుట్టే మిషన్ ముందు పీట మీద కూర్చుంటే కళ్లు దారం మీదే ఉండాలి. దారం తెగిన చోట బొటనవేలితో, చూపుడువేలితో ముడి వేసి, మిగిలిన కొసను గోటితో తెంపి వదలాలి. ఆ ముడి కనబడితే రేపు బట్టలో కనబడుతుంది. ఆ రోజు ముడులు లావుగా పడుతున్నాయి. మధ్యాహ్నం షెడ్డు ఆసామి హరిప్రసాద్ ఫోన్ మాట్లాడుకుంటూ లోపలికి వచ్చాడు. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. కిష్టవ్వా లేచింది. లేవగానే చేతిలో దారం మళ్లీ తెగింది. అతను వాళ్లను చూడలేదు. ఫోన్ మాట్లాడుతూనే వెనక గదిలోకి పోయాడు. అందరూ మళ్లీ కూర్చున్నారు. లేవకపోతే అతనేమంటాడో ఎవరికీ తెలియదు. లేవకుండా ఎవరూ ఎన్నడూ కూర్చోలేదు మరి.

గురువారం పొద్దున్నే కిష్టవ్వ కండెల బుట్ట తీసింది. చేనేత సొసైటీ షెడ్డులో ఇంకా గుంట మగ్గం నేస్తున్న ముసలివాళ్లలో భూమయ్య ఒకడు. చనిపోయిన ఆమె పెనిమిటి దశరథం పక్క మగ్గం మీదే నేసిన మనిషి. భూమయ్యకు భుజం నొప్పి పుట్టినప్పటి నుంచి, తీరిక ఉన్నప్పుడు కిష్టవ్వే రాట్నం మీద కండెలు చుట్టి పంపుతుంది. బుట్ట మోయమని వర్షను లేపింది. వర్ష బడికి తయారై బుట్ట నెత్తిన పెట్టుకుంది.

"ఇయ్యాల సాయంత్రం ఆటకు పోను అవ్వా" అంది దారిలో.

"ఎందుకే?"

"పోను. అందరు నవ్వుతున్రు."

కిష్టవ్వ ఊకొట్టింది. 

వాళ్లు పోయేసరికి భూమయ్య అప్పుడే వచ్చాడు. షెడ్డులో చల్లగా, గంజి వాసనగా ఉంది. అతను చొక్కా విప్పి మేకుకు తగిలించి, మగ్గం మీది దూది తుడిచాడు. బట్ట చుట్టుకునే దోనెను అరచేత్తో తాకి, ఆ చేయి కళ్లకు అద్దుకున్నాడు. అప్పుడు అంచు మీద కూర్చొని కాళ్లు గుంటలోకి దించాడు. కాలి కింది కుడి పలక తొక్కాడు. నిలువు పోగుల పడుగు నోరు తెరిచింది, చేతి తాడు గుంజగానే దారం కండె ఉన్న నాడె అటు పోయింది. ఎడమ పలక తొక్కాడు. నాడె ఇటు వచ్చింది. పగుళ్లు పట్టిన ఆ పాదాలు చీకటి గుంటలో ఒకదాని వెంట ఒకటి కదులుతున్నాయి.

వర్ష బుట్ట దించి, గుంట అంచున గొంతుక్కూర్చొని ఆ కాళ్లను చూసింది. చాలాసేపు చూసింది.

"తాతా, మగ్గం దేవుడే గదా?"

"దేవుడే."

"మరి కాళ్లతోటి తొక్కుతున్నవ్."

"తొక్కకుంటె నేసుడెట్ల?"

"తొక్కినంక మొక్కవా?"

భూమయ్య నాడె ఆపాడు. కిష్టవ్వ వైపు చూశాడు. "ఏంది వదినె, నీ మన్మరాలు పోలీసోళ్ల లెక్క అడుగుతంది." మళ్లీ పిల్ల వైపు తిరిగాడు. "కూసునే ముందుగాల మొక్కిన, చూడలేదా? దిగినంక మల్ల మొక్కుత. నడుమల పని. పని నడుమల మొక్కుకుంట కూసుంటె పోగు తెగుతది, నాడె అచ్చి ఏళ్ల మీద కొడ్తది. మగ్గానికి గూడ కోపమస్తది. నెయ్యరా అంటె దండాలు పెడ్తవేందిరా, అంటది."

 కిష్టవ్వ బుట్టలోని కండెలు తీసి పేర్చుతున్నదల్లా ఆగింది. దశరథం బతికున్నన్నాళ్లూ ఆమె చూసిన మొక్కే అది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ రెంటి నడుమ అతని కాళ్లు ఆగింది లేదు. ఆ కాళ్లకు ఆమే ఆముదం రాసేది. ఇంత కాలం కళ్ల ముందున్న దాన్ని ఆమె ఒక్కనాడూ సరిగ్గా చూసినట్టు లేదు.

"నేను తొక్కుదునా తాతా?"

"రా. పైలం, పోగులు తెంపకు."

భూమయ్య గుంటలోంచి కాళ్లు తీసి పక్కకు జరిగాడు. వర్ష మగ్గం ముందు నిలబడింది. కాళ్లు దగ్గరికి తెచ్చింది. చేతులు తొడలకు ఆనించింది. నడుము దగ్గర వంగి, ఒక్క క్షణం అలాగే ఉండి, లేచింది.

"గిదేం మొక్కే?" అన్నాడు భూమయ్య.

"కొరియా మొక్కు."

"మంచిగనే ఉంది. చేతులు ఖాళీగుంటయి."

ఆమె కాళ్లు పలకలకు సరిగ్గా అందలేదు. అంచుకు జరిగి కూర్చొని, కుడి కాలితో తొక్కింది. తొక్కగానే చేయి దానంతట అదే కిందికి పోబోయింది. భూమయ్య ఆ చేతిలోనే తాడు పెట్టాడు. "గుంజు" అన్నాడు. గుంజింది. నాడె సగం దారిలో ఆగింది. "మల్ల." తొక్కింది, గుంజింది. ఒక పోగు తెగింది. అతను వంగి ముడి వేశాడు. "మల్ల." నాడె నాలుగైదు సార్లు అటూ ఇటూ పోయాక వర్ష నాలుక పెదవుల నడుమ నుంచి బయటికి వచ్చింది. పనిలో పడితే దశరథానికి కూడా అలాగే వచ్చేది. కాసేపటికి వర్ష చేతికి తాడు తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

బడి గంటకు వేళయిందని కిష్టవ్వ లేపింది. వర్ష గుంటలోంచి కాళ్లు తీసి, మగ్గం ముందు నిలబడి మళ్లీ వంగింది. ఆ సాయంత్రం ఆటకు పోనన్న మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. సంచి భుజాన వేసుకొని పోయింది.

శుక్రవారం కిష్టవ్వ మెట్ల మీద కూర్చోలేదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచి నిలబడింది. వర్ష తన్నింది. చేయి నడుము దాకా దిగి అక్కడ ఆగింది. పిడికిలి అయ్యి పైకి పోయింది. అవతలి పిల్ల తన్నింది, వర్ష పక్కకు జరిగింది. మళ్లీ తన్నింది. మేడం ఆట ఆపి ఇద్దరినీ వంగమంది.  తలుపు వైపు చూసి, "అవ్వా, ఆదివారం ఫస్టు బస్సు. నువ్వు గూడ రా" అంది.

బస్సు వేములవాడలో గుడి జనంతో నిండింది. మల్యాల దగ్గర కొండగట్టుకు పోయేవాళ్లంతా దిగి ఖాళీ అయింది. కిష్టవ్వ కిటికీలోంచి గుట్ట వైపు చేతులు జోడించింది. పక్కన వర్ష కూడా జోడించింది. వెనక సీట్లో పిల్లలు పల్లీలు తింటూ గోల చేస్తున్నారు.

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో పోటీ. పెళ్లిపీటలు వేసే వేదిక కింద రెండు పెద్ద చాపలు పరిచారు. ఒక్కో చాపకు రెండు పక్కలా ఒక్కో కుర్చీ. ఆడే పిల్ల తరఫు కోచ్ అందులో కూర్చోవాలి. వర్ష పేరు పిలిచినప్పుడే పక్క చాప మీద సిరిసిల్ల చిన్న పిల్లవాడి పేరు కూడా పిలిచారు. మేడం అటూ ఇటూ చూసింది. గోడకు ఆనుకొని నిలబడ్డ కిష్టవ్వ దగ్గరికి గబగబా వచ్చింది.

"అవ్వా, గా కుర్చీల కూసో."

"నేనా?"

"ఆ పోరడు మొదటిసారి ఆడుతుండు, భయపడ్తడు. నేను ఆడికి పోవాలె. కుర్చీ ఖాళీగుంటె వర్ష ఒక్కతే అనుకుంటది. నువ్వేం చెప్పకు. నీళ్లియ్యి, మొఖం తుడువు. ఆట అయినంక అవతలి పిల్ల నీ దగ్గరికచ్చి వంగుతది. నువ్వు కూసునే తల దించు. లేవకు."

"మనిషచ్చి మొక్కితె లేవకుంట ఎట్ల కూసుంట మేడం?"

"లేవకు అవ్వా. గది నీ కుర్చీ."

కిష్టవ్వ కుర్చీ అంచున కూర్చుంది. ఇంత మంది ముందు కుర్చీలో కూర్చోవడం ఆమెకు ఎరుకలో లేదు. ఎదురుగా అవతలి కుర్చీలో కోరుట్ల కోచ్, కోటు వేసుకున్న మనిషి, కాలు మీద కాలు వేసుకొని ఉన్నాడు. చాప మీదికి వచ్చిన పిల్ల పేరు సృజన అని మైకులో చెప్పారు. వర్ష కంటే పొడగరి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. చారియత్. క్యుంగ్నే. వంగారు.

మూడు ఆటల్లో మొదటిదానిలో వర్ష కాలు ముందే తగిలింది. కొత్త చోటు, కొత్త మనిషి. చేయి దిగింది. పూర్తిగా దిగలేదు, సగమే. కాని ఆ సగం చాలు సృజనకు. రెండు దెబ్బలు పడ్డాయి. ఆట ఆగగానే వర్ష కుర్చీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కళ్లలో నీళ్లు టోపీ పట్టీ మీదికి కారుతున్నాయి.

"చెయ్యి పోయింది అవ్వా."

కిష్టవ్వ నీళ్లు తాపింది. కొంగుతో ముఖం తుడిచింది. ఏమీ చెప్పొద్దని మేడం చెప్పింది గాని, ఆ ముఖం చూశాక నోరు ఊరుకోలేదు.

"మొక్కినవ్ గద బిడ్డ. ఇప్పుడు నడుమల ఉన్నవ్. పో, నెయ్యి."

వర్ష ముక్కు ఎగబీల్చి పోయింది. రెండో ఆటలో ఆ చేయి మళ్లీ దిగలేదు. కాలు తగిలింది, మళ్లీ తగిలింది. నాలుక పెదవుల నడుమ నుంచి బయటికి వచ్చింది. కిష్టవ్వ పాదాలు కుర్చీ కింద తనకు తెలియకుండానే ఒకదాని వెంట ఒకటి నేలను తొక్కుతున్నాయి. ఆ ఆట వర్షది. మూడోది చివరి దాకా సమానంగా సాగి, ఆఖరున సృజన కాలు ఒక్కసారి ఎక్కువ తగిలింది. ఆట నడిపించే మనిషి చేయి పట్టి పైకెత్తింది సృజనదే.

ఇద్దరూ టోపీలు తీసి చంకలో పెట్టుకొని ఒకరికొకరు వంగారు. తర్వాత వర్ష అటు కోటు మనిషి దగ్గరికి నడిచింది. సృజన ఇటు వచ్చింది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. కిష్టవ్వ ముందు కాళ్లు కలిపి నిలబడి, నడుము దగ్గర వంగింది.

కిష్టవ్వ మోకాళ్లు వాటంతట అవే లేవబోయాయి. రెండు చేతులతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. లేవలేదు. తల దించింది. దించిన కళ్లకు ఆ పిల్ల పాదాలు కనబడ్డాయి. గోళ్లకు సగం పోయిన ఎర్ర రంగు, కుడి కాలి మీద కమిలిన మచ్చ. ఎదుట కోటు మనిషి కూడా కాలు మీది కాలు తీసి, వర్షకు అంతే తల దించాడు. అతనికి ఎంతో, తనకూ అంతే. ఆ సంగతి కిష్టవ్వ ఛాతీలో మెల్లగా, వేడి పాలలా దిగింది.

సృజన వెంటనే పోలేదు. "అవ్వా, మీ వర్ష కాలు మస్తు గట్టిగుంది. రేపు నేను బడికి కుంటుకుంట పోవాలె" అంది.

"రాత్రి వేన్నీళ్ల కాపడం పెట్టుకో బిడ్డ. మంచిగాడినవ్."

మేడం పరుగున వచ్చేసరికి చాప మీద వేరే పిల్లలు ఉన్నారు. ఆ చిన్నవాడు గెలిచాడట.

"ఏమైంది అవ్వా?"

"ఓడింది."

మేడం గొంతు తగ్గింది. "మొక్కిందా?"

"ముందుగాల మొక్కింది. అయినంక మొక్కింది."

"నడుమల?"

"నడుమల తన్నింది."

మేడం ముఖం విచ్చుకుంది. కిష్టవ్వ లేచి ఆమెకు చేతులు జోడించబోయింది. "నా పిల్లను ఇడిచిపెట్టకపోతివి" అనాలనుకుంది. ఆ మాట నోట్లో ఉండగానే మేడం కాళ్లు దగ్గరికి తెచ్చి, ఆ జనం నడుమ, కిష్టవ్వకు వంగింది. ఏం చేయాలో కిష్టవ్వకు ఈసారి తెలుసు. తనూ వంగింది.

తిరుగు బస్సు మల్యాల దాటేసరికి ఎండ వాలింది. పిల్లలంతా అలసి తలలు వాల్చారు. వర్ష రెండు సీట్లలో ముడుచుకొని, సంచి మీద తల పెట్టి, కాళ్లు కిష్టవ్వ వైపు పెట్టి పడుకుంది. వేములవాడ మూలమలుపులో బస్సు ఊగింది. ఆ ఊపుకు పిల్ల ఒళ్లు తిరిగి, ఆమె కాలు కిష్టవ్వ మోకాలికి తగిలింది. కళ్లు తెరవలేదు వర్ష. నిద్రలోనే చేయి లేచి, తడుముకుంటూ వచ్చి కిష్టవ్వ మోకాలిని తాకి, కళ్ల దాకా పోయి, అక్కడే జారి బుగ్గ కింద పడింది.

కిష్టవ్వ ఆ చేతిని అలాగే చూస్తూ ఉంది. పోతుందని భయపడ్డ ఆ మొక్కు ఎక్కడికీ పోలేదు. బస్సులో ఎవరూ ఇటు చూడడం లేదు. ఆమె కాళ్లు దగ్గరికి తెచ్చుకుంది. చేతులు తొడల మీద ఆనించుకుంది. నిద్రపోతున్న మనుమరాలికి, కూర్చున్న చోటనే, మెల్లగా నడుము వంచి తల దించింది.